దోమల లెక్క తేల్చిన వైద్యుడు

పరీక్షిన్మహారాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, చుట్టూ విషవైద్యులను కావలి ఉంచుకొని కూర్చున్నాడు. అయినా పండులో చిన్న పురుగై దాగివచ్చిన తక్షకుని చేత మరణించాడు. పెద్ద శత్రువు కోసం కోటగుమ్మాలన్నీ కాచినవారు చిన్న ప్రాణి వచ్చే దారిని కనిపెట్టలేకపోయారు. మలేరియా విషయంలో మానవజాతి అంతా శతాబ్దాల తరబడి ఆ రాజు స్థితిలోనే ఉన్నది. చిత్తడినేలల నుండి లేచే చెడుగాలి వల్ల ఈ జ్వరం వస్తుందని లోకం నమ్మింది. మలేరియా అన్న మాటకు ఇటాలియన్ భాషలో చెడుగాలి అనే అర్థం. మనవారు చలిజ్వరమన్నారు, మన్యపు జ్వరమన్నారు. కొండప్రాంతాల నీటిని, గాలిని నిందించారు. సాయంకాలం కాగానే చెవి దగ్గర రొద చేస్తూ తిరిగే దోమను మాత్రం చాలామంది అనుమానించలేదు.

ఆ దోమ గుట్టును బయటపెట్టినవాడు రొనాల్డ్ రాస్. ఆ పని జరిగింది మన సికింద్రాబాదు సమీపంలోని బేగంపేటలో. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. గుట్టు తెలిసిన తరువాత ఆయన మరో ముప్పై ఏళ్ళకు పైగా జీవించాడనీ, ఆ కాలమంతా దోమల సంఖ్యను తగ్గించడం ఎట్లా అన్న ఒక్క ప్రశ్నతోనే పెనుగులాడాడనీ తెలిసినవారు తక్కువ. ఆయన జీవితంలో ఈ రెండవ భాగమే ఎక్కువగా చదువదగినది.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ పాదప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. అది సిపాయిల తిరుగుబాటు చెలరేగిన సంవత్సరం. తండ్రి క్యాంప్‌బెల్ రాస్ భారత సైన్యంలో ఉన్నతాధికారి. పదిమంది సంతానంలో రొనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదవ ఏట చదువు నిమిత్తం ఇంగ్లండుకు పంపబడ్డాడు. బాలునికి కవిత్వమంటే ప్రీతి, చిత్రలేఖనమంటే ప్రీతి, సంగీతమంటే మక్కువ, గణితమంటే ఆసక్తి. వైద్యం మీద మాత్రం ఏమాత్రం మనసు లేదు. తండ్రి కోరికను కాదనలేక లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ వైద్యశాలలో చేరాడు. చదువు సామాన్యంగా సాగింది. ఒక పరీక్షలో తప్పాడు కూడ. కొంతకాలం అట్లాంటిక్ సముద్రం మీద తిరిగే ఓడలో వైద్యుడుగా పనిచేసి, చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసుకు వచ్చాడు.

తొలి ఏళ్ళలో ఉద్యోగం తేలికగా సాగింది, తీరిక పుష్కలంగా దొరికింది. ఆ తీరికలో కవితలు, నవలలు వ్రాశాడు. గణిత గ్రంథాలను తనంతట తానే అభ్యసించాడు. సాహిత్యంలో ఆయనకు గొప్ప పేరు రాలేదు. గణితం మాత్రం పాతికేళ్ళ తరువాత, ఎవరూ ఊహించని చోట అక్కరకు వచ్చింది.

1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు జరిగిన ఒక చిన్న ఘటన చెప్పుకోదగినది. రాస్ నివసించే బంగళాలో దోమల బాధ దుర్భరంగా ఉండేది. చూడగా కిటికీ దగ్గర నిలవనీటి తొట్టిలో దోమపిల్లలు గిలగిలలాడుతూ కనిపించాయి. ఆ నీటిని పారబోయించగానే గదిలో దోమలు తగ్గిపోయాయి. ఇంకేముంది, పూలకుండీలలోని నీటిని కూడ తీసివేయిద్దామని సైనికాధికారికి సూచించాడు. దోమలను భగవంతుడు ఏదో ప్రయోజనం కోసమే సృష్టించి ఉంటాడనీ, ప్రకృతి క్రమానికి అడ్డు తగలరాదనీ, వాటిని భరించడమే మన ధర్మమనీ ఆ అధికారి త్రోసిపుచ్చాడట. దోమకూ మలేరియాకూ సంబంధమున్నదని రాస్ అప్పటికి ఎరుగడు. నీటిని పట్టుకొంటే దోమ చేతికి చిక్కుతుందన్న సత్యం మాత్రం ఆనాడే ఆయన మనసున నాటుకొన్నది.

ఇంతకు మూడేళ్ళ ముందు, 1880లో, అల్జీరియాలో పనిచేస్తున్న లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగుల రక్తంలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అది ఒక మనిషి రక్తం నుండి మరొక మనిషి రక్తంలోనికి ఏ దారిన పోతున్నదో ఎవరికీ తెలియలేదు. 1894లో రాస్ సెలవుపై లండన్‌కు వెళ్ళినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే అనుభవశాలి అయిన వైద్యుడు ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపించాడు. బోదకాలు వ్యాధికి కారణమైన పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని కనుగొన్నది ఈ మాన్సనే. మలేరియాకు కూడ దోమే వాహనం కావచ్చునని ఆయన ఊహ. ఊహ ఆయనది, దానిని నిరూపించవలసిన భారం రాస్‌ది. గురువు లండన్‌లో, శిష్యుడు సికింద్రాబాదులో. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి.

1895లో రాస్ సికింద్రాబాదు చేరి పని మొదలుపెట్టాడు. మాన్సన్ ఊహలో ఒక పొరపాటు ఉన్నది. దోమ నీటిలో పడి చస్తుందనీ, ఆ నీటిని త్రాగినవారికి జ్వరం వస్తుందనీ ఆయన భావించాడు. రాస్ అటువంటి నీటిని కొందరికి త్రాగించి పరీక్షించాడు. నేటి వైద్యనీతి ఇటువంటి ప్రయోగాలను అంగీకరించదు; ఆనాటి దొరతనంలో దానిని ప్రశ్నించినవారు లేరు. ఫలితం మాత్రం తేలలేదు. ఇంకొక చిక్కు ఏమిటంటే, ఆయన చేతికి చిక్కే దోమలు మలేరియాను మోసే జాతివి కావు. ఏ దోమ మోస్తుందో తెలియక దొరికిన దోమనల్లా కోసి చూచాడు. ఈలోగా ప్రభుత్వం కలరా నివారణకని బెంగుళూరుకు పంపింది. 1897లో నీలగిరి కొండల సిగూరు లోయలో మలేరియాను పరిశీలించబోయి తానే ఆ జ్వరం పాలయ్యాడు.

కోలుకొని ఆ ఏడే మళ్ళీ సికింద్రాబాదు వచ్చాడు. బేగంపేటలోని చిన్న సైనిక వైద్యశాలలో ఆ వేసవి, ఆ వర్షాకాలం గడిచాయి. పంకా వేయిస్తే కోసిన దోమల భాగాలు గాలికి ఎగిరిపోతాయి, అందుచేత ఉక్కపోతలోనే కూర్చుండేవాడు. నుదుటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టాయి. దాని కటకం పగులువారింది. ఆగస్టు నెలలో ఆయన మనుషులు తెచ్చిన నీటిలో కొత్తరకం దోమపిల్లలు కనిపించాయి. అవి పెరిగి రెక్కలపై మచ్చలున్న గోధుమవన్నె దోమలయ్యాయి. వానిని నేడు అనాఫిలిస్ అని పిలుస్తున్నాం. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో ఉంచి ఆ దోమలచే కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ప్రతిఫలం ముట్టింది. వైద్యశాస్త్ర చరిత్రలో ఇంత చవకగా లభించిన మహాఫలితం మరొకటి ఉండదేమో.

ఆ దోమలలో కొన్ని చచ్చాయి, కొన్ని పరిశీలనలో చెడిపోయాయి. ఆగస్టు 20వ తేదీన మిగిలిన రెండింటిలో ఒకదానిని కోశాడు. కడుపుగోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రంగురేణువులు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా పరాన్నజీవికి గుర్తు. మరునాడు చివరి దోమను కోశాడు. అందులోనూ ఆ కణాలే ఉన్నాయి, పైగా మరింత పెరిగి ఉన్నాయి. అంటే పరాన్నజీవి దోమలో బ్రతికి ఎదుగుతున్నది. సంతోషం పట్టలేక రాస్ ఒక కవిత వ్రాసి భార్య రోజాకు పంపాడు. వైద్యునిలోని కవి అంతవరకు బ్రతికే ఉన్నాడు.

ఇంత జరిగినా ప్రభుత్వం చేసిన పని ఆయనను బదిలీ చేయడం. రాజపుతానాలోని ఖేర్వారాకు పంపారు. పరిశోధనకు కావలసిన మలేరియా రోగులు అక్కడ లేరు. మాన్సన్ లండన్‌లో పట్టుబట్టి చెప్పగా 1898 ఆరంభంలో కలకత్తాకు మార్చి ఒక సంవత్సరం పరిశోధనకు అనుమతించారు. ఆ రోజులలో ప్లేగు టీకాల భయం కలకత్తాను పట్టుకొని ఉన్నది. దొరగారి ఆసుపత్రి అంటేనే జనం దూరంగా తొలగిపోయారు. మనుషులు దొరకకపోయేసరికి రాస్ పక్షులను ఆశ్రయించాడు. పిచ్చుకలకు కూడ మలేరియా వంటి వ్యాధి ఉన్నది. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు దోమలను పట్టి తెచ్చి, పోషించి ఇచ్చేవాడు. జులై నెలలో పరాన్నజీవి ప్రయాణమంతా తేలిపోయింది: పిచ్చుక రక్తం నుండి దోమ కడుపులోనికి, అక్కడి నుండి దోమ లాలాజల గ్రంథులలోనికి, కాటు ద్వారా మరొక పిచ్చుక రక్తంలోనికి. త్రాగేనీటితో నిమిత్తం లేదు, కుట్టడమే దారి. ఆ ఏడాది చివరలోనే ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మనిషి మలేరియా అనాఫిలిస్ దోమ వల్లనే వస్తుందని నిరూపించారు. ఎవరు ముందన్న వివాదం ఆ ఇరువురి మధ్య జీవితాంతం రగులుతూనే ఉన్నది. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కనికే దక్కింది. గ్రాసీకి కూడ భాగం ఉండవలసిందని భావించే చరిత్రకారులు ఉన్నారు. ఆ భావనలో న్యాయం లేకపోలేదు.

1899లో రాస్ ఉద్యోగం విడిచి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో అధ్యాపకుడయ్యాడు. ఇక్కడ ఆయన రెండవ జీవితం మొదలవుతుంది. దోమ దోషి అని తేలింది. మరి ఆ దోమను ఏం చేయాలి? వైద్యులలో అధికులు క్వినైన్ మందును, దోమతెరను నమ్ముకొన్నారు. లోకంలోని దోమలనన్నింటినీ చంపడం సాధ్యమా అని నవ్వారు. అన్నింటినీ చంపవలసిన పని లేదని రాస్ వాదం. పశ్చిమ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌కు 1899లోనూ, తిరిగి 1901లోనూ వెళ్ళాడు. కూలీలను దండుగా ఏర్పరచి గుంటలు పూడ్పించాడు, వీధులలోని డబ్బాలు, పగిలిన సీసాలు ఎత్తిపోయించాడు, నీటిపై నూనె పోయించాడు. 1902లో సూయజ్ కాలువ సంస్థ ఆహ్వానంపై ఇస్మాయిలియా పట్టణానికి వెళ్ళి ఇదే పద్ధతి చెప్పగా, కొద్ది సంవత్సరాలలో ఆ ఊరు మలేరియా నుండి బయటపడింది. పనామాలో గోర్గాస్ చేపట్టిన దోమల నిర్మూలన ఆ కాలువ త్రవ్వకాన్ని సాధ్యం చేసింది.

అయితే భారతదేశంలోనే ఎదురుదెబ్బ తగిలింది. లాహోరు దగ్గరి మియాన్‌మీర్ సైనికస్థావరంలో 1901 తరువాత కొన్నేళ్ళు దోమపిల్లల నిర్మూలన సాగింది. మలేరియా ఆశించినట్లు తగ్గలేదు. ఈ పద్ధతి పనికిరాదని ప్రభుత్వ వైద్యులు నిర్ణయించారు. రాస్‌కు కోపం వచ్చింది. శుభ్రపరచిన ప్రాంతం చిన్నది, చుట్టూ కాలువల నీరు పారే పొలాలున్నాయి, బయటి దోమ లోపలికి రాకుండా ఉంటుందా, వచ్చినవి ఎన్నో ఎవరైనా లెక్కించారా అని నిలదీశాడు. ఆ ప్రశ్న ఆయనను గణితానికి మళ్ళించింది. దారీతెన్నూ లేకుండా ఎగిరే దోమ పుట్టినచోటు నుండి ఎంత దూరం పోగలదు? ఎంత వైశాల్యం శుభ్రపరిస్తే నడిమిభాగం సురక్షితమవుతుంది? 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఈ సమస్యను గణితరూపంలో వివరించాడు. శ్రోతలకు అది వింతగా తోచి ఉంటుంది.

1907, 1908 సంవత్సరాలలో మారిషస్ దీవికి వెళ్ళి వచ్చి వ్రాసిన నివేదికలోనూ, 1910లో ప్రకటించిన మలేరియా నివారణ గ్రంథంలోనూ ఆ గణితం పరిణతి చెందింది. దాని తీరును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. 1,000 మంది ఉన్న గ్రామంలో ఒక్కనికే వ్యాధి ఉన్నదనుకొందాం. నెలకు 48,000 అనాఫిలిస్ ఆడదోమలు ఉన్నాయనుకొందాం. వాటిలో నాలుగింట ఒకటి మాత్రమే మనిషిని కుట్టగలిగితే కుట్టేవి 12,000. వేయిమందిలో రోగి ఒక్కడే కనుక అతనిని కుట్టేవి 12. పరాన్నజీవి దోమలో పక్వం కావడానికి వారానికి పైగా పడుతుంది. అంతకాలం బ్రతికేవి మూడవ వంతు అనుకొంటే మిగిలేవి 4. అందులో మరల మనిషిని కుట్టే అవకాశం దొరికేది ఒక్కదానికే. అన్ని వేల దోమలుంటే నెలకు ఒక్క కొత్తరోగి! దోమలు 12,000కు తగ్గితే నాలుగు నెలలకు ఒక్కడు. ఈలోపల పాతరోగి కోలుకొంటాడు. కోలుకొనేవారికన్న కొత్తరోగులు తక్కువైతే, దోమలు మిగిలి ఉన్నా, వ్యాధి క్రమంగా సమసిపోతుంది. దోమలు లేకుండా చేయనక్కరలేదు, ఒక మేరకు దిగువకు తెస్తే చాలు. నవ్వినవారికి రాస్ చెప్పిన సమాధానం ఇదే. కడుపుగోడలోని నల్లని రేణువులను చూడడానికి పదునైన కన్ను చాలు. ఈ లెక్క చూడడానికి మరొక రకం చూపు కావాలి. రాస్ కూడ దీనినే తన గొప్ప కృషిగా భావించాడు.

ఆయన స్వభావం సులువైనది కాదు. తనకు రావలసిన గౌరవం రాలేదన్న తపన ఎన్నడూ వదలలేదు. గురువైన మాన్సన్‌పైన కూడ ఒక ఉత్తరం విషయమై న్యాయస్థానం మెట్లెక్కాడు. తన పరిశోధనకు ప్రతిఫలం ఇమ్మని పార్లమెంటును అర్థించాడు. 1923లో వెలువడిన స్వీయచరిత్రలో పాతతగాదాలన్నీ తిరిగి తోడాడు. ఆ పుస్తకానికి సాహిత్య బహుమానం లభించింది. 1911లో ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది. 1926లో లండన్‌లో ఆయన పేరిట రాస్ సంస్థ నెలకొన్నది. 1927 జనవరిలో కలకత్తాకు వచ్చి తన స్మారక ద్వారాన్ని తానే ఆవిష్కరించాడు. అదే ఏడు పక్షవాతం సోకింది. 1931లో భార్య గతించింది. 1932 సెప్టెంబరు 16న రాస్ తన సంస్థలోనే కన్నుమూశాడు.

ఆయన లెక్కలను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాస్ సంస్థలోనే పనిచేసిన జార్జ్ మెక్‌డొనాల్డ్ 1950వ దశకంలో వానిని విస్తరించి మలేరియా నిర్మూలనకు ఆధారంగా నిలిపాడు. అప్పటికి డి.డి.టి. మందు వచ్చింది. తరువాత ఆ మందుకు లొంగని దోమలు పుట్టుకొచ్చాయి. మందు లేకుండా దోమల సంఖ్యను దించే ఉపాయం ఏదైనా ఉన్నదా అని శాస్త్రజ్ఞులు వెదికారు. పశువుల పుండ్లలో గుడ్లుపెట్టే ఒక ఈగ విషయంలో అమెరికా శాస్త్రజ్ఞుడు నిప్లింగ్ అటువంటి ఉపాయం చెప్పి ఉన్నాడు. ఆ ఈగ ఆడది జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. మగ ఈగలను వేల సంఖ్యలో పెంచి, కిరణాలతో సంతానశక్తి పోగొట్టి వదిలితే, వాటితో జతకూడిన ఆడఈగ పెట్టే గుడ్లు పొదగవు. 1954లో కరిబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో ఆ ఈగ ఈ విధంగానే అంతరించింది. ఆడదోమ కూడ సాధారణంగా ఒక్కసారే జతకడుతుంది. మగదోమ మనిషిని కుట్టదు, పూలరసం త్రాగి బ్రతుకుతుంది. కనుక గొడ్డు మగదోమలను ఎన్ని వదిలినా వాటి వల్ల రోగం రాదు. తరం తరానికి ఊరి దోమలు తగ్గుతూ ఉంటే, వదిలే మగదోమల పాలు హెచ్చుతూ పోతుంది. మందుకు దోమలు తగ్గేకొద్దీ మిగిలినవానిని పట్టుకోవడం కష్టమవుతుంది. ఈ పద్ధతిలో దోమలు తగ్గేకొద్దీ పని సులువవుతుంది.

1972లో మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్ దేశంలో ఆపస్తెపెకె సరస్సు చుట్టూ మలేరియా దోమలపై దీనిని ప్రయోగించారు. అక్కడ రసాయనంతో సంతానశక్తి పోగొట్టారు. ఆ సరస్సు ఇతర దోమల నివాసాలకు దూరంగా ఉన్నది. దోమలు దాదాపు లేకుండాపోయాయి. అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీ పరిసర గ్రామాలలో క్యూలెక్స్ జాతి మగదోమలను వదిలి చూచాయి. పక్క ఊళ్ళలో అప్పటికే జతకూడిన ఆడదోమలు ఎగిరివచ్చి ఈ గ్రామాలలో గుడ్లు పెట్టాయి. మియాన్‌మీర్ స్థావరం విషయంలో రాస్ వేసిన ప్రశ్నే ఇక్కడ మళ్ళీ ఎదురైంది. తరువాత సోనేపట్‌లో డెంగ్యూను మోసే ఏడిస్ దోమలపై ప్రయోగానికి ఏర్పాట్లు జరిగాయి. విదేశీయుల ఉద్దేశాలను శంకిస్తూ పత్రికలలోనూ, పార్లమెంటులోనూ వివాదం రేగగా, 1975లో ఆ పథకం ఆగిపోయింది. ఊరివారికి ముందుగా విషయం విడమరచి చెప్పకుండా వేల దోమలను వదలబోతే అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది? ఇటీవల సింగపూరులో 2016 నుండి వొల్బాకియా అనే సూక్ష్మజీవి గల మగ ఏడిస్ దోమలను ఇళ్ళ మధ్యనే వదులుతున్నారు. వాటితో కూడిన ఊరి ఆడదోమల గుడ్లు పొదగవు. ఆ పనికి ముందు అధికారులు ఇంటింటికీ తిరిగి మగదోమ కుట్టదని నచ్చజెప్పవలసి వచ్చింది.

వదలవలసిన దోమలెన్ని, ఎంత మేర వదలాలి, హద్దు దాటి వచ్చేవి ఎన్ని అని నేడు ఈ పనివారు ముందుగా గణిస్తారు. రాస్ దోమలను కోసిన బేగంపేట భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఆయన పేరిటనే ఉన్నది. ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తున్నారు.